చిలమకూరు గాలికి తెల్లవారుజామున పడే మూత

చలికాలంలో గాలి పాడవడం అనగానే చదువుకున్నవాళ్లకు ముందు లండన్ గుర్తుకొస్తుంది. 1952 డిసెంబరు 5 నుంచి 9 దాకా ఆ నగరంలో ఇంటింటి పొయ్యిల్లో మండిన బొగ్గు పొగ కదలకుండా నిలిచిపోయింది. అప్పట్లో 4,000 మంది చనిపోయారని లెక్క తేల్చారు. తర్వాతి పరిశోధకులు ఆ సంఖ్యను 12,000 దాకా తీసుకెళ్లారు. చైనాలో హువాయ్ నదికి ఉత్తరాన ఉన్న ఊళ్లకు ప్రభుత్వమే శీతాకాలమంతా బొగ్గు మండించి వేడి అందించింది, దక్షిణాన అందించలేదు. ఆ నదికి రెండువైపులా ఉన్న జనం ఆయుర్దాయాన్ని పోల్చి చూస్తే ఉత్తరాది వాళ్లది సుమారు మూడేళ్లు తక్కువని 2017లో వెలువడిన అధ్యయనం తేల్చింది. ఈ కథలన్నిట్లోనూ దోషి ఇల్లు వెచ్చబెట్టే పొయ్యి. అందుకే కడప జిల్లాలో ఈ మాట ఎత్తితే ఎవరికైనా నవ్వొస్తుంది. డిసెంబరులో కూడా పగటి వేడి 30 డిగ్రీలకు అటూ ఇటూగా ఉండే సీమలో ఇల్లు వెచ్చబెట్టుకునేదెవరు? ఆ నవ్వులో సగం న్యాయం ఉంది. కానీ చలికాలం పొగను కొత్తగా పుట్టించనక్కర్లేదు. ఏడాది పొడుగునా పుట్టేదాన్ని కిందికి అదిమిపెడితే చాలు. ఆ నెలల్లో ఎవరు ఎంత పొగ వదిలారన్నది ఒక్కటే లెక్క కాదు. ఎంత ఎత్తులో వదిలారు, ఏ గంటలో వదిలారు అన్నవే ఊపిరితిత్తులకు తగిలే లెక్కలు. మన చట్టాలు, మన కొలతలు, మన కోపాలు కూడా ఈ రెంటినీ వదిలేసి తిరుగుతున్నాయన్నది ఈ వ్యాసం వాదన.

ఆ వాదనకు ఎర్రగుంట్ల మండలంలోని చిలమకూరు కంటే తగిన చోటు దొరకదు. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల మూడింటికీ నడుమ ఉన్న ఈ నేల కింద సున్నపురాయి, నాపరాయి పరుపులు పరుపులుగా ఉన్నాయి. కోరమాండల్ పేరుతో ఇక్కడ మొదలైన సిమెంటు ఫ్యాక్టరీని 1990లో ఇండియా సిమెంట్స్ కొన్నది. 2024 డిసెంబరులో ఆ కంపెనీయే అల్ట్రాటెక్ చేతికి వెళ్లింది. ఎర్రగుంట్లలో ఒకప్పటి ప్రభుత్వ సిమెంట్ కార్పొరేషన్ ఫ్యాక్టరీ, కృష్ణానగర్‌లో జువారి, కమలాపురం వైపు నల్లలింగాయపల్లెలో భారతి, జమ్మలమడుగు దాటితే చిన్నకొమెర్లలో దాల్మియా ఉన్నాయి. కలమల్ల దగ్గర 1994లో మొదటి యూనిట్ మొదలుపెట్టిన రాయలసీమ థర్మల్ విద్యుత్ కేంద్రం, జనం నోట్లో ఆర్టీపీపీ, ఇప్పుడు 1,650 మెగావాట్లకు పెరిగింది. వీటి మధ్య నాపరాళ్ల గనులు, బండల పాలిష్ ఫ్యాక్టరీలు. చుట్టూ చూస్తే వాయవ్యాన ఎర్రమల, తూర్పున నల్లమల, లంకమల, దక్షిణాన పాలకొండలు. నడుమ పెన్నా, కుందూ పారే పల్లపు నేల. పొగకు పుట్టిల్లూ, అది నిలవడానికి తగిన ఆవరణా ఒకేచోట కుదిరాయి.

ఈశాన్య రుతుపవనం వెనక్కి తగ్గాక, డిసెంబరు చివర్నుంచి ఫిబ్రవరి దాకా, ఇక్కడి రాత్రులు నిర్మలంగా ఉంటాయి. మబ్బు ఉండదు, గాలి వీయదు. పగలంతా కాగిన నేల ఆ వేడిని ఆకాశంలోకి ధారాళంగా వదిలేస్తుంది, ఆపేందుకు మేఘాల దుప్పటి లేదు కనుక. తెల్లవారేసరికి నేలను ఆనుకున్న గాలి చల్లబడి బరువెక్కుతుంది, దాని పైన ఉన్న గాలి వెచ్చగానే ఉండిపోతుంది. మామూలుగా పైకి పోయేకొద్దీ చల్లగా ఉండాల్సిన వాతావరణం ఆ కొద్ది గంటలూ తలకిందులవుతుంది. చల్లని బరువైన గాలి పైకి లేవదు, పైన ఉన్న వెచ్చని గాలి కిందికి దిగదు. నేల నుంచి 100, 200 మీటర్ల ఎత్తులో ఒక మూత పడుతుంది. మధ్యాహ్నం అదే గాలి వెయ్యి మీటర్లకు మించిన ఎత్తు వరకు కలగలిసి తిరుగుతుంటుంది. అంటే ఒకే లారీ ఒకే రోడ్డు మీద ఒకే పొగ వదిలినా, మధ్యాహ్నం అది పలచబడేందుకు దొరికే చోటులో ఐదో వంతు కూడా తెల్లవారుజామున దొరకదు. “మాది వేడి దేశం, ఇదంతా చలి దేశాల గొడవ” అనేవాళ్లు గమనించాల్సింది ఇక్కడే. మూత పడేందుకు గడ్డకట్టే చలి అవసరం లేదు. కింది గాలి పై గాలికంటే చల్లగా ఉంటే చాలు. పొడి నేల, తేట ఆకాశం ఉన్న రాయలసీమ ఆ తేడాకు అనువైన చోటు. కొండల వాలు మీదుగా రాత్రిపూట జారే చల్లగాలి పల్లంలో చేరి ఆ తేడాను ఇంకాస్త పెంచుతుంది.

ఇక ఎత్తు సంగతి. మన దేశ నిబంధన ప్రకారం 200 మెగావాట్లు, ఆపైన ఉన్న థర్మల్ యూనిట్‌కు 220 మీటర్ల పొగగొట్టం, 500, ఆపైన ఉంటే 275 మీటర్ల పొగగొట్టం ఉండాలి. వేడి పొగ గొట్టం మూతి దాటాక ఇంకా పైకి లేస్తుంది. కాబట్టి జనవరి తెల్లవారుజామున, మూత కిందికి దిగిన వేళ, ఆ పొగ మూతకు పైన పడి అడ్డంగా సాగిపోతుంది. రోడ్డు మీద నిలబడి చూసేవాడికి ఆకాశంలో తెల్లని పొడుగాటి చార కనిపిస్తుంది, తాను పీలుస్తున్నది అదేనని అనుకుంటాడు. ఆ గంటలో అతని ముక్కుకు అందేది ఎక్కువగా వేరే పొగ. సిమెంటు ఫ్యాక్టరీల గొట్టాలు అంత ఎత్తుండవు కనుక వాటి పొగ ఒక్కోరోజు మూతకు పైన, ఒక్కోరోజు కింద పడుతుంది. ఇంతవరకు చూస్తే ఎత్తైన గొట్టం కట్టినవాళ్లు గెలిచినట్టే. కానీ కథ సూర్యోదయంతో మలుపు తిరుగుతుంది. ఎండ తగిలిన నేల కింది గాలిని వేడెక్కిస్తుంది, కలగలిసే పొర అంగుళం అంగుళం పైకి పెరుగుతుంది. పొద్దెక్కాక, తొమ్మిది పది గంటల ప్రాంతంలో, ఆ పొర రాత్రంతా పైన పేరుకున్న పొగచారను అందుకుంటుంది. అందుకోగానే దాన్ని ఒక్కసారిగా కిందికి కలిపేస్తుంది. వాతావరణ శాస్త్రజ్ఞులు ఈ దిగుడును కెనడాలోని ట్రెయిల్ అనే ఊరి వల్ల బాగా తెలుసుకున్నారు. అక్కడి సీసం, జింకు కరిగించే కర్మాగారం వదిలిన గంధకపు వాయువు కొలంబియా నది లోయ వెంట సరిహద్దు దాటి అమెరికా రైతుల పంటలను దెబ్బతీసింది. కొలతలు పెట్టి చూస్తే, పొద్దెక్కిన తర్వాత లోయ పొడుగునా ఉన్న ఊళ్లలో దాదాపు ఒకే సమయానికి వాయువు కిందికి దిగుతున్నట్టు తేలింది.

మరి తెల్లవారుజామున మూత కింద ఉండేది ఎవరి పొగ? నేల మీద పుట్టేదంతా. సున్నపురాయి మోసే టిప్పర్లు, సిమెంటు బస్తాల లారీలు, ఆర్టీపీపీ నుంచి బూడిద తీసుకెళ్లే లారీలు, వాటి డీజిల్ పొగ, వాటి చక్రాల కింద నలిగి లేచే దుమ్ము. మన బొగ్గులో 35, 40 శాతం బూడిదే ఉంటుంది. టన్ను బొగ్గు కాలిస్తే 350 కిలోలకు పైగా మిగులుతుంది. అది సిమెంటులో కలవడం మంచిదే, చెరువుల్లా తవ్విన గుంటల్లో పడి ఎండి ఎగరడం కంటే ఎంతో మేలు. కానీ రోడ్డు మీద పట్టా సరిగ్గా కట్టని లారీ నుంచి రాలిన బూడిదను తర్వాతి లారీ లేపుతుంది. 2024 నవంబరులో ఈ బూడిద పేరిట కడప, అనంతపురం జిల్లాల నాయకుల మధ్య పెద్ద తగాదా నడిచి రాష్ట్ర రాజధాని దాకా వెళ్లింది. ఎవరు మోయాలన్నది ఆ తగాదా. ఎవరు పీలుస్తున్నారన్నది అందులో ఎవరికీ పట్టలేదు. పాలిష్ ఫ్యాక్టరీలు నీళ్లు పోసి బండలు అరగదీస్తాయి గనుక అక్కడ దుమ్ము లేవదనుకుంటాం. ఆ బురద రోడ్డు పక్కన కుప్పపోసి ఎండాక మాత్రం మెత్తని పొడే. వీటికి తోడు మన ఊళ్లకు కూడా ఒక చిన్నపాటి వేడి చేసుకునే రుతువు ఉంది. వంట గ్యాసు మీదికి మారిన ఇళ్లలో కూడా చాలాచోట్ల స్నానానికి నీళ్ల కాగు పెరట్లోనే, కంది కట్టె మీదో పత్తి కట్టె మీదో కంప చెట్ల కట్టెల మీదో కాగుతుంది. వీధి మొదట్లో చలిమంట వేస్తారు, చేతికి దొరికిన ప్లాస్టిక్ కవరు కూడా అందులో పడుతుంది. భోగిమంట కూడా మూత బాగా కిందికి దిగి ఉండే గంటలోనే వెలుగుతుంది. ఏడాదికి ఒక్కనాటి పండగను తప్పుపట్టడం అన్యాయం, దాంట్లో పాత టైరు వేయకపోతే చాలు. రోజూ వేలాది పెరళ్లలో కాగే నీళ్ల సంగతి వేరు.

ఈ పొగ ఒంట్లో ఏం చేస్తుందన్నది ఇప్పుడు వివాదం కాదు. 2.5 మైక్రోమీటర్ల లోపు ఉన్న రేణువులు, వెంట్రుక మందంలో ఇరవయ్యో వంతు కంటే సన్ననివి, ముక్కులో, గొంతులో ఆగకుండా ఊపిరితిత్తుల చివరి గాలిగదుల దాకా పోతాయి. అక్కడ వాపు పుట్టిస్తాయి, ఆ వాపు రక్తనాళాలకు పాకుతుంది. ఉబ్బసం, దీర్ఘకాలపు ఆయాసంతో పాటు గుండెపోటు, పక్షవాతం, తక్కువ బరువుతో బిడ్డ పుట్టడం వంటివి దీనితో ముడిపడ్డాయి. బయటి గాలి కాలుష్యాన్ని 2013లో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలో చేర్చింది. 2019లో మన దేశంలో 16.7 లక్షల మరణాలకు గాలి కాలుష్యం కారణమని లాన్సెట్ పత్రికల్లో ఒకదానిలో అచ్చయిన లెక్క. అయినా ఒక ఆక్షేపణ మిగులుతుంది, అది తేలిగ్గా తీసేయదగ్గది కాదు: చలికాలంలో దగ్గు, రొంప, న్యుమోనియా ఎలాగూ పెరుగుతాయి, వైరస్‌లు చేసే పనిని పొగకు అంటగడుతున్నారేమో? దీనికి సమాధానం అమెరికాలోని యూటా లోయలో దొరికింది, అది మన పల్లపు నేలకు బాగా దగ్గరి ఉదాహరణ కూడా. కొండల నడుమ లోయ, చలికాలపు మూత, నడుమ ఒక పెద్ద ఉక్కు ఫ్యాక్టరీ. 1986 ఆగస్టులో ఆ ఫ్యాక్టరీ మూతపడి 1987 సెప్టెంబరులో మళ్లీ తెరుచుకుంది. అంటే ఒక చలికాలం పూర్తిగా ఫ్యాక్టరీ లేకుండా గడిచింది. చలి ఉంది, మంచు ఉంది, వైరస్‌లు ఉన్నాయి, ఫ్యాక్టరీ పొగ ఒక్కటే లేదు. ఆర్డెన్ పోప్ అనే ఆర్థికశాస్త్రజ్ఞుడు ఆసుపత్రి లెక్కలు తీస్తే, ఫ్యాక్టరీ నడిచిన చలికాలాల్లో శ్వాస జబ్బులతో చేరిన పిల్లలు, అది నడవని చలికాలంలో కంటే రెండు మూడింతలున్నారు. 1989లో ఇది అచ్చయినప్పుడు వైరస్ వాదన గట్టిగానే వచ్చింది. తర్వాత ఆ లోయలో గాలి వడపోసిన పాత కాగితాల నుంచి ధూళిని తీసి, ముందుకొచ్చిన వాలంటీర్ల ఊపిరితిత్తుల్లో కొద్దిగా చేర్చి చూశారు. ఫ్యాక్టరీ నడిచిన కాలపు ధూళి ఎక్కువ వాపు పుట్టించింది. అంటే ధూళి ఎంత ఉందన్నదే కాదు, అది దేనితో తయారైందన్నదీ తేడా చూపిస్తుంది.

ఆ చివరి మాటను ఎర్రగుంట్ల వైపు తిప్పి చూస్తే ఇంకో ఆక్షేపణ ఎదురవుతుంది. ఇక్కడ కనిపించేదంతా సున్నపురాయి దుమ్మే కదా, మట్టి దుమ్ములాంటిదే, తుడిస్తే పోతుంది అంటారు. ఇందులో కొంత నిజముంది. ఇళ్ల మీద, శనగ చేల మీద తెల్లగా పేరుకునే దుమ్ములో ఎక్కువ భాగం పెద్ద రేణువులే, అవి ముక్కులోనూ గొంతులోనూ ఆగుతాయి. మంచు పడ్డ ఆకు మీద సిమెంటు దుమ్ము గట్టిపడి పొరకట్టడం రైతుకు నష్టం, అది వేరే లెక్క. కంటికి కనబడే దుమ్మును బట్టి అపాయాన్ని కొలవడమే ఇక్కడి పొరపాటు. కనబడనంత సన్నని డీజిల్ మసి, కట్టెల పొగ, గంధకపు వాయువు గాలిలో మారి తయారయ్యే సల్ఫేట్ రేణువులు దాని వెనక దాక్కుంటాయి. రాతి పని చేసేవాళ్ల విషయంలో పెద్ద దుమ్ము వాదన అసలే నిలవదు. రాతిలో ఉండే స్ఫటిక సిలికాను పొడిగా కోసి, పగలగొట్టి పీల్చితే సిలికోసిస్ వస్తుంది, దానికి నయం చేసే మందు లేదు.

కొలతల దగ్గరికొస్తే అసలు చిక్కు బయటపడుతుంది. సన్నని రేణువులు 24 గంటల సగటున ఘనపు మీటరుకు 60 మైక్రోగ్రాములు దాటకూడదని మన 2009 ప్రమాణం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో తన పరిమితిని 15కు దించింది. ప్రమాణం ఎంతన్నది అటుంచి, సగటు అన్న మాటనే చూద్దాం. ఒక ఊళ్లో 20 గంటలు 40 చొప్పున, తెల్లవారుజాము నాలుగు గంటలు 160 చొప్పున ఉందనుకుంటే సగటు సరిగ్గా 60 వస్తుంది, ఊరు ప్రమాణం దాటలేదు. కానీ ఆ నాలుగు గంటల్లోనే పొద్దుటి షిఫ్టుకు కార్మికులు బయల్దేరతారు, రోడ్లు ఊడ్చేవాళ్లు ఊడుస్తారు, పాలు పోసేవాళ్లు తిరుగుతారు, ఆరోగ్యం కోసం నడిచేవాళ్లు నడుస్తారు. చేతితో నమూనాలు తీసే కేంద్రాల్లోనైతే వారానికి రెండు రోజుల కొలతే, ఏడాదికి 104 రోజులు. 2019 జనవరిలో మొదలైన జాతీయ శుద్ధ వాయు కార్యక్రమం ఆంధ్రప్రదేశ్‌లో 13 ఊళ్లను గుర్తించింది, వాటిలో కడప ఉంది. ప్రొద్దుటూరు, ఎర్రగుంట్ల లేవు. ఏళ్ల తరబడి కొలిచి, ప్రమాణం దాటిందని తేలిన ఊళ్లే ఆ జాబితాకు ఎక్కాయి. కొలవని ఊరు దాటడానికి దారే లేదు. గంట గంటకూ కొలిచి అందరికీ చూపించే ప్రభుత్వ కేంద్రం కడప ఎర్రముక్కపల్లెలో ఉంది, చిలమకూరుకు దాదాపు 40 కిలోమీటర్ల దూరం. ఫ్యాక్టరీలు తమ ఆవరణల్లో కొలిచే అంకెలు ఆరు నెలలకోసారి పర్యావరణ శాఖకు పంపే నివేదికల్లో చేరతాయి. గొట్టం మూతి దగ్గర అమర్చిన నిరంతర యంత్రాలు గొట్టంలోంచి పోయేదాన్ని కొలుస్తాయి తప్ప, గేటు బయట లారీ లేపిన దుమ్మును కొలవవు.

ఇలా వాదిస్తే ఫ్యాక్టరీలను వదిలేసి, నీళ్లు కాచుకునే ఇల్లాలి మీద, లారీ డ్రైవరు మీద నెపం వేసినట్టు కాదా? కాదు. లారీ ఎవరి సరుకు మోస్తోందో, ఏ గంటకు గేటు తెరిస్తే బయల్దేరుతోందో చూస్తే నేల మీది పొగలో పెద్ద వాటా తిరిగి ఫ్యాక్టరీ లెక్కలోకే వస్తుంది. ఎత్తైన గొట్టం కూడా నిర్దోషి కాదు, పొద్దెక్కాక దిగే పొగ దానిదే. గంధకపు వాయువును వడకట్టే యంత్రాలు పెట్టాలని 2015 డిసెంబరులో థర్మల్ కేంద్రాలకు నిబంధన వచ్చింది, గడువులు పెరుగుతూ పోయాయి. చివరికి 2025 జూలైలో పెద్ద నగరాలకు, బాగా కలుషితమైన ప్రాంతాలకు దూరంగా ఉన్న కేంద్రాలను, గొట్టం నిర్ణీత ఎత్తులో ఉంటే చాలని చెప్పి, ఆ వాయువు ప్రమాణం నుంచే మినహాయించారు. దేశంలోని కేంద్రాల్లో అత్యధిక భాగం ఆ మినహాయింపు కిందికే వచ్చాయి. ఎత్తు పొగను పలచబరుస్తుందన్న నమ్మకం మీద ఆ నిర్ణయం నిలబడింది. పలచబడటం సగటుకు నిజమే. గాలి కదలని జనవరి పొద్దున్న తొమ్మిది గంటలకు అది నిజం కాకపోవచ్చునని ట్రెయిల్ ఎప్పుడో చెప్పింది.

ఫ్యాక్టరీలు మూస్తే బతుకెట్లా అన్న ప్రశ్న సీమలో ఎప్పుడూ ముందు వరసలో ఉంటుంది, ఉండాలి కూడా. వానలను నమ్ముకోలేని నేల ఇది. మూయమని ఎవరూ అడగనక్కర్లేదు. 1941లో ట్రెయిల్ తగాదా తీర్చిన అంతర్జాతీయ న్యాయనిర్ణేతలు కర్మాగారాన్ని మూయించలేదు. గాలి కదలిక ఎంత ఉంది, ఏ రుతువు, రోజులో ఏ సమయం అన్నదాన్ని బట్టి ఎంత గంధకం వదలవచ్చో మారే పట్టిక ఒకటి రాసిచ్చారు. ఉపగ్రహాలు లేని రోజుల్లో అది సాధ్యమైంది. మన వాతావరణ శాఖ రేపటి రాత్రి గాలి ఎంత వీస్తుందో ఈరోజే చెప్పగలదు. గాలి వీయదని తేలిన రాత్రుల్లో రాయి దింపడం, బూడిద లోడింగ్, లారీలు బయలుదేరడం తెల్లవారుజాము నుంచి మధ్యాహ్నానికి జరపడం ఖర్చుకంటే ఎక్కువగా క్రమశిక్షణ అడుగుతుంది. ఎర్రగుంట్ల రోడ్లను నీళ్లు చల్లి ఊడ్చే యంత్రం, పట్టా కట్టని లారీని గేటు దాటనివ్వకపోవడం, కాగు కింద కట్టెలకు బదులు సీమ ఎండను వాడుకునే సౌర వాటర్ హీటరు, ఇవేవీ కొత్త ఆవిష్కరణలు కావు. ఇంట్లో పొగ ఆపితే లాభం ఉంటుందా అంటే, 1990 సెప్టెంబరులో పొగ బొగ్గు అమ్మకాన్ని నిషేధించిన డబ్లిన్‌లో గాలిలోని మసి సుమారు 70 శాతం పడిపోయింది, శ్వాస జబ్బుల మరణాలు తగ్గాయి. గుండె జబ్బుల మరణాలు కూడా తగ్గాయన్న మొదటి లెక్క మాత్రం తర్వాతి పరిశీలనలో నిలవలేదు. మేలును ఉన్నదానికంటే ఎక్కువ చేసి చెప్పడం కూడా వాదనకు మంచిది కాదు.

ఈ వ్యాసంలోని వాదనను కూడా ఎవరూ నమ్మకం మీద తీసుకోనక్కర్లేదు, ఎందుకంటే దాన్ని పరీక్షించే మార్గం సులువు. చిలమకూరులో ఒకటి, ఎర్రగుంట్లలో ఒకటి, సన్నని రేణువులను, గంధకపు వాయువును కలిపి గంట గంటకూ కొలిచే యంత్రాలు డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా పెడితే చాలు. తెల్లవారుజామున ఐదారు గంటలకు రేణువులు పెరిగి గంధకం పెరగకపోతే అది నేల మీది పొగ: రోడ్డు, లారీ, పొయ్యి. తొమ్మిది పది గంటలకు రెండూ కలిసి పెరిగితే గొట్టం పొగ కిందికి దిగినట్టు. ఈ రెండు పెరుగుదలలూ కనిపించకపోతే ఈ వాదన తప్పు. ఆ కొలతలు చేతికొస్తే, పట్టాల మీద పెట్టే ఖర్చు ఎంత, గొట్టాల మీద పెట్టే ఖర్చు ఎంత అన్నది ఊహతో కాకుండా వాటి గీతలు చూసి తేల్చవచ్చు. ఒక్క చలికాలం సరిపోతుంది.